పిస్టల్‌కు రెడ్ డాట్ సైట్ ఎంచుకోవడం: ముందు బిగింపు, తర్వాత చుక్క

పిస్టల్‌కు రెడ్ డాట్ సైట్ (లక్ష్యంపై వెలుగు చుక్కను చూపే గురి పరికరం) కొనాలనుకునేవారు సాధారణంగా చుక్క రంగు గురించీ, బ్యాటరీ ఎన్నేళ్లు వస్తుందన్న దాని గురించీ ముందుగా అడుగుతారు. సైట్‌ను స్లైడ్‌కు (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ కదిలే భాగానికి) పట్టి ఉంచేది ఏమిటి, ఆ చుక్క నా కంటికి ఎలా కనిపిస్తుంది అన్న రెండు ప్రశ్నలు తేలాకే మిగతా విషయాలు చూడాలన్నది నా గట్టి అభిప్రాయం. రైఫిల్‌పై బిగించిన సైట్ తుపాకీతో పాటే కదులుతుంది. పిస్టల్ స్లైడ్‌పై బిగించినదైతే ప్రతి తూటాకూ వెనక్కి దూసుకెళ్లి ఠక్కున ఆగి, మళ్లీ ముందుకు వచ్చి మరోసారి ఆగుతుంది. ఆ రెండు దెబ్బలనూ వేలసార్లు ఓర్చుకోవలసినవి ఒక చిన్న లెన్స్, ఒక ఎల్ఈడీ, సన్నని స్క్రూలు.

లోపల జరిగే పని సరళమైనదే. ఎల్ఈడీ వెలుగు ముందున్న వంపు లెన్స్‌పై పడుతుంది. లెన్స్‌కు వేసిన పూత ఆ ఎరుపును మాత్రం కంటివైపు తిప్పి పంపి, మిగతా వెలుతురును దాటిపోనిస్తుంది. తిరిగి వచ్చే కిరణాలు దాదాపు సమాంతరంగా ఉంటాయి గనుక చుక్క అద్దం మీద కాక, దూరాన లక్ష్యం ఉన్నచోటే ఉన్నట్టు తోస్తుంది. ఈ సూత్రాన్ని 1900లో ఐర్లండ్‌కు చెందిన హోవర్డ్ గ్రబ్ తుపాకీ గురికి వాడి చూపగా, స్వీడన్‌కు చెందిన ఏమ్‌పాయింట్ సంస్థ 1970లలో ఎలక్ట్రానిక్ చుక్కతో సైట్ తయారు చేసింది. వెనక సైట్, ముందు సైట్, లక్ష్యం అనే మూడింటిని ఒకే వరుసలోకి తెచ్చే శ్రమ తప్పి, చూపు లక్ష్యం మీదే నిలవడం దీనివల్ల వచ్చే అసలైన లాభం. దగ్గరి వస్తువు మసకబారే వయసు వచ్చినవారికి ఇది మరింత విలువైనది.

పోటీల కోసం కొంటున్నట్లయితే ముందు నిబంధనలు చదవాలి. అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య (ఐఎస్ఎస్ఎఫ్) పిస్టల్ పోటీలలో ఇనుప సైట్లకే, అంటే చుక్కా లెన్సూ లేని మామూలు ముందు, వెనక సైట్లకే అనుమతి ఉంది. వేగంగా కదులుతూ కాల్చే పోటీలు నడిపే ఐపీఎస్‌సీలో మాత్రం ప్రొడక్షన్ ఆప్టిక్స్ వంటి విభాగాలు రెడ్ డాట్ కోసమే ఉన్నాయి.

బిగింపు

ప్రతి సైట్‌కూ అడుగున ఒక ప్రత్యేకమైన అచ్చు ఉంటుంది. స్క్రూ రంధ్రాల మధ్య దూరం, స్లైడ్ నుంచి పైకి వచ్చిన చిన్న పిన్నులు కూర్చునే గుంటలు, అడుగుభాగపు వెడల్పు కలిస్తే వచ్చేదే ఈ అచ్చు. ట్రిజికాన్ ఆర్ఎంఆర్, ల్యూపోల్డ్ డెల్టాపాయింట్ ప్రో, డాక్టర్ (Docter అనే సంస్థ పేరు), సన్నని పిస్టళ్ల కోసం వచ్చిన షీల్డ్ ఆర్ఎంఎస్‌సీ, ఏమ్‌పాయింట్ ఆక్రో అనేవి తరచుగా వినిపించే అచ్చులు. ఒకదానికి కోసిన స్లైడ్‌పై మరొకటి నేరుగా కూర్చోదు. కాబట్టి సైట్ల జాబితా తెరవకముందే మీ స్లైడ్‌కు ఏ అచ్చు కోత ఉందో, లేక అడాప్టర్ ప్లేట్లు పెట్టుకునే రకమో తయారీదారు పత్రంలో చూసి రాసిపెట్టుకోవాలి.

అవకాశం ఉంటే స్లైడ్‌ను ఆ సైట్ కొలతకే కోయించి నేరుగా బిగించుకోవడం మేలని నేను అంటాను. సైట్ కాస్త కిందికి దిగుతుంది, కోత అంచులే వెనకదెబ్బను మోస్తాయి, స్క్రూలకు పట్టి ఉంచడం ఒక్కటే పని మిగులుతుంది. ప్లేటు పెడితే స్లైడ్‌కూ ప్లేటుకూ మధ్య ఒకటి, ప్లేటుకూ సైట్‌కూ మధ్య ఒకటి, ఇలా వదులయ్యే చోట్లు రెండవుతాయి. అయితే కోత ఒకసారి పడితే మళ్లీ పూడదు గనుక, ఏ సైట్ వాడతారో ఇంకా స్థిరపడనివారు మంచి ఉక్కు ప్లేటుతో మొదలుపెట్టడమే తెలివైన పని.

ఈ విషయంపై ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. నేను మొదటి సైట్ బిగించుకున్నప్పుడు 15 మీటర్ల దూరంలో తూటాలన్నీ అరచేయి వెడల్పులోనే పడ్డాయి. దాదాపు 200 తూటాలు కాల్చేసరికి ఆ గుంపు ఎడమకు జరగడం మొదలైంది. ట్రిగ్గర్ వేలిదే తప్పనుకొని రెండు వారాలు దాన్ని దిద్దుకుంటూ గడిపాను. చివరికి ఒకరోజు పిస్టల్ ఖాళీ చేసి, సైట్ పక్కన బొటనవేలు పెట్టి నొక్కితే అది వెంట్రుకవాసి కదిలింది. కుడివైపు స్క్రూ చేతివేళ్లతోనే పావు చుట్టు తిరిగింది. మరలలో మిగిలిపోయిన నూనెను తుడవకుండా బిగించడమే నేను చేసిన తప్పు.

అప్పటి నుంచి నా పద్ధతి మారలేదు. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకున్నాక, స్క్రూలనూ రంధ్రాలనూ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనిస్తాను. స్క్రూలకు ముందే పూత ఉంటే అలాగే వాడతాను, లేకపోతే తర్వాత విప్పగలిగే నీలం రకం థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చిన్న చుక్క పెడతాను. బిగించడానికి టార్క్ స్క్రూడ్రైవర్, అంటే ఎంత బలంతో తిప్పుతున్నామో కొలిచేది తప్పనిసరి. ఆర్ఎంఆర్ స్క్రూలకు ట్రిజికాన్ చెప్పే కొలత 12 అంగుళ-పౌండ్లు. చేతి అంచనాతో బిగిస్తే దీన్ని సులువుగా దాటేసి మరలు పాడుచేసుకుంటాం. బిగించాక స్క్రూ తల మీదుగా సైట్ ఒంటిపైకి పెయింట్ పెన్నుతో ఒక సన్నని గీత గీస్తే, ఆ గీత విరిగి కనిపించిన రోజున స్క్రూ తిరిగిందని చెప్పకుండానే తెలుస్తుంది. స్క్రూ పొడవు కూడా చూసుకోవాలి. కొన్ని పిస్టళ్లలో పొడవెక్కువైన స్క్రూ కొస ఎక్స్‌ట్రాక్టర్ (కాల్చిన తూటా ఖాళీ తొడుగును బయటికి లాగే కొక్కెం) భాగాలకు తగిలి, ఆ తొడుగు సరిగా బయటకు రాకుండా చేస్తుంది.

తెరిచినదా, మూసినదా

తెరిచిన సైట్‌లో ఎల్ఈడీకీ లెన్స్‌కూ మధ్య ఏ అడ్డూ ఉండదు. అది తేలికగా, చిన్నగా ఉంటుంది. కానీ ఒక్క వాన చినుకు ఆ ఎల్ఈడీ గుంటలో నిలిస్తే చుక్క చెదిరి నక్షత్రంలా పేలిపోతుంది, దుస్తుల నూలుపోగు పడితే సగం మాయమవుతుంది. మూసిన సైట్‌కు ముందూ వెనకా అద్దాలుంటాయి గనుక తడి, దుమ్ము బయటి అద్దం మీదే ఆగుతాయి, తుడిస్తే పోతాయి. రేంజ్‌లో మాత్రమే వాడేవారికి తెరిచినది చాలు. ఆరుబయట, దుస్తుల కింద, వానలో వాడేవారు కాస్త బరువు పెరిగినా మూసినదే తీసుకోవాలని నా సలహా. నీటి రక్షణ విషయంలో ఐపీఎక్స్7 అని రాసి ఉంటే 1 మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు ఉంచి పరీక్షించారని అర్థం.

చుక్క పరిమాణం, మీ కన్ను

చుక్క పరిమాణాన్ని ఎంఓఏలలో చెబుతారు. ఒక ఎంఓఏ అంటే డిగ్రీలో 60వ వంతు, 25 మీటర్ల దూరంలో అది సుమారు 7.3 మిల్లీమీటర్లు. ఆ దూరంలో 2 ఎంఓఏల చుక్క దాదాపు 15 మిల్లీమీటర్లనూ, 6 ఎంఓఏల చుక్క దాదాపు 44 మిల్లీమీటర్లనూ కప్పుతుంది. 25 మీటర్ల ప్రెసిషన్ టార్గెట్‌పై 10 పాయింట్ల వలయం వ్యాసం 50 మిల్లీమీటర్లేనని గుర్తుంచుకుంటే తేడా కళ్లకు కడుతుంది. నిదానంగా, దూరంగా కాల్చేవారికి 2 లేదా 3, దగ్గరగా వేగంగా కాల్చేవారికి 5 లేదా 6 నప్పుతాయి. తేల్చుకోలేకపోతే 3 దగ్గర ఆగడం మంచిది. సైట్ కిటికీ, అంటే మనం చూసే అద్దం వెడల్పుగా ఉంటే చుక్క త్వరగా దొరుకుతుంది, కానీ సైట్ ఎత్తూ బరువూ పెరుగుతాయి.

కొనకముందు మీ కంటితో చూడకుండా డబ్బు కట్టకండి. ఆస్టిగ్మాటిజం (కంటి ముందుభాగపు వంపు సమంగా లేకపోవడం) ఉన్న కంటికి గుండ్రటి చుక్క తోకచుక్కలా, ద్రాక్షగుత్తిలా, గీతలా కనిపిస్తుంది. చాలామంది సైట్ చెడిపోయిందనుకొని తిప్పి పంపేది ఈ కారణంగానే. తేల్చుకోవడానికి దారి ఉంది. ఆ చుక్కను ఫోన్ కెమెరాతో ఫొటో తీయండి. ఫొటోలో గుండ్రంగా ఉండి మీకు మాత్రం చెదిరితే, లోపం సైట్‌లో లేదు. తలను పక్కకు వంచినప్పుడు ఆ తోక కూడా తలతో పాటు తిరిగితే సందేహమే అక్కర్లేదు. సరైన కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూడండి, వెలుగు తగ్గించి చూడండి, ఆకుపచ్చ చుక్కను కూడా పోల్చండి. కొందరికి ఆకుపచ్చ స్పష్టంగా కనిపిస్తుంది.

దుకాణంలోనే చేయదగిన మరో పరీక్ష ఉంది. సైట్‌ను బల్లపై కదలకుండా ఉంచి, చుక్కను ఎదురుగోడపై ఒక గుర్తుకు చేర్చి, తలను మాత్రం పైకీ కిందికీ పక్కలకూ జరపండి. చుక్క కిటికీ అంచుకు చేరినా గుర్తు మీద దాదాపు కదలకుండా ఉండాలి. పారలాక్స్ (కన్ను జరిగితే చుక్క జరిగినట్టు కనిపించడం) అసలే లేదని పెట్టె మీద రాసినా కొద్దిపాటి కదలిక ప్రతి సైట్‌లోనూ ఉంటుంది, అది ఎంతో చూసుకోవడమే మన పని. అదే సమయంలో అద్దం గుండా కనిపించే గోడ వంకరపోతుందేమో, రంగు మరీ నీలంగా మారుతుందేమో కూడా గమనించండి.

వెలుగు, బ్యాటరీ, ఇనుప సైట్లు

వెలుగును తానే సర్దుకునే సైట్లు హాయిగా అనిపిస్తాయి గానీ, మీరు నీడలో నిలబడి ఎండలోని లక్ష్యాన్ని చూసినప్పుడు అవి మీ చుట్టూ ఉన్న నీడనే కొలిచి చుక్కను మసకబార్చగలవు. అందుకే బటన్లతో చేతిసర్దుబాటు కూడా ఉన్నదాన్నే ఎంచుకోవాలి. బ్యాటరీ మూత పక్కనో పైనో ఉన్న సైట్ తీసుకుంటే బ్యాటరీ మార్చినప్పుడు సైట్ విప్పనక్కర్లేదు. అడుగున ఉంటే విప్పాలి, మళ్లీ బిగించాలి, గురి మళ్లీ సరిచూడాలి. 50,000 గంటలు అని రాసి ఉంటే అది సుమారు 5 ఏళ్ల 8 నెలలు, అదీ ఒక మధ్యస్థమైన వెలుగు స్థాయిలో. నేను మాత్రం ఏటా ఒకే తేదీన కొత్త బ్యాటరీ వేస్తాను.

చుక్క ఆరిపోయినా గురి చూడగలిగేలా కిటికీలోంచి కనిపించేంత ఎత్తున్న ఇనుప సైట్లు పెట్టించుకోండి. కిటికీ దిగువ అంచున కనిపిస్తే చాలు, మధ్యలోకి వస్తే చుక్కకు అడ్డమవుతాయి.

గురి సరిచేయడం

ఇసుక సంచిపై ఆనించి, 10 మీటర్ల దూరంలో 5 తూటాలు కాల్చి, ఆ గుంపు మధ్యభాగాన్ని చూసి సర్దండి. ఒక్క తూటాను చూసి సర్దితే గురి వెంట పరుగెత్తడమే అవుతుంది. ఒక క్లిక్‌కు 1 ఎంఓఏ అయితే 10 మీటర్ల వద్ద గుంపు సుమారు 2.9 మిల్లీమీటర్లు, 25 మీటర్ల వద్ద 7.3 మిల్లీమీటర్లు జరుగుతుంది. 10 మీటర్ల వద్ద దగ్గరికి తెచ్చి, 25 మీటర్ల వద్ద ముగించండి. తొలి రోజుల్లో పిస్టల్ ఎత్తగానే చుక్క కనిపించకపోతే సాధారణంగా పిస్టల్ ముక్కు పైకి లేచిందని అర్థం. ఖాళీ పిస్టల్‌తో, తూటాలు వేరే గదిలో పెట్టి, రోజూ పది నిమిషాలు ఎత్తి చూపు లక్ష్యం మీదే నిలిపితే మణికట్టు ఆ కోణాన్ని నేర్చుకుంటుంది. మొదటి 200 తూటాల తర్వాత పెయింట్ గీతను చూడండి, ఆ తర్వాత రేంజ్‌కు వెళ్లిన ప్రతిసారీ మొదటి తూటాకు ముందు చూడండి.