కోర్టు ప్రాక్టీసు పెట్టే అమ్మాయిలకు: తొలి ఏడేళ్లు ఎలా నడపాలి

లా డిగ్రీ చేతికి రాగానే చాలా ఇళ్లలో అమ్మాయికి చెప్పే మాట ఒకటే: జడ్జి పరీక్షలకు చదువుకో, కోర్టుల చుట్టూ తిరగడం ఎందుకు అని. చదువు అయిన వెంటనే ఆ పరీక్ష రాసే వీలు ఇప్పుడు లేదు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నిబంధనను 2025 మే 20న సుప్రీంకోర్టు తిరిగి తెచ్చింది. రేపు బెంచి మీద కూర్చోవాలన్నా, బార్‌లోనే నిలబడాలన్నా, మొదటి మూడేళ్లు ఎవరి ఆఫీసులో ఏ పని చేశారన్నదే అసలు పునాది. అందుకే ఇక్కడ ఎక్కువ మాటలు ఆ మూడేళ్ల గురించే.

ఏ చదువు నుంచి వచ్చారన్నది అడ్డం కాదు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. బీకాం చదివినవాళ్లకు చెక్‌బౌన్స్, కమర్షియల్ దావాల్లో ఖాతాలు చదవడం సులువు. ఇంజినీరింగ్ నుంచి వచ్చినవాళ్లు వాట్సాప్ చాట్లు, సీసీ ఫుటేజీ రుజువు చేసే చోట, కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్ సరిగ్గా ఉందో లేదో పట్టేయగలరు. నర్సింగ్, ఫార్మసీ చదివినవాళ్లకు గాయాల సర్టిఫికెట్, పోస్ట్‌మార్టం రిపోర్టు కొత్త భాష కాదు. ఢిల్లీ హైకోర్టు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తి అయిన జస్టిస్ జి. రోహిణి సైన్సు డిగ్రీ తర్వాతే లా చదివారు. 1980లో లాయరుగా ఎన్‌రోల్ అయ్యారు, తీర్పులు ప్రచురించే లా జర్నల్‌లో రిపోర్టరుగా పనిచేశారు, 1995లో ప్రభుత్వ ప్లీడరు, 2001లో హైకోర్టు జడ్జి అయ్యారు. ఆ లా జర్నల్ పనిని చిన్నది అనుకోవద్దు. రోజుకో తీర్పు చదివి నాలుగు వాక్యాల్లో హెడ్‌నోట్ (తీర్పు సారం) రాసే అలవాటు ఉన్నవాళ్లకు వాదనలో తడబాటు తగ్గుతుంది. ఇంట్లో కూర్చుని కూడా చేయగల సాధన ఇది.

ఎన్‌రోల్‌మెంట్ దగ్గర డబ్బు విషయం తెలుసుకుని వెళ్లండి. 2024 జులై 30 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఫీజు 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలు మించకూడదు. స్టాంపు ఖర్చు వేరు. ఆ తర్వాత రెండేళ్లలోపు ఆలిండియా బార్ పరీక్ష పాసవ్వాలి. వ్యాఖ్యలు లేని బేర్ యాక్టులు తీసుకెళ్లనిస్తారు, నెగెటివ్ మార్కులు లేవు. జడ్జి పరీక్షకు కావలసిన మూడేళ్లు ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ తేదీ నుంచే లెక్క, కాబట్టి సర్టిఫికెట్లు రాగానే దరఖాస్తు పెట్టేయండి. సనదు (లాయరుగా ఎన్‌రోల్ అయిన పత్రం) ఉండగా ఫుల్‌టైం జీతం ఉద్యోగం చేయకూడదు. లా కాలేజీలో రోజుకు మూడు గంటలు మించకుండా పాఠాలు చెప్పుకోవచ్చు.

ఇక సీనియర్ ఎంపిక. పేరు చూసి చేరకండి. పది పదిహేను రోజులు కోర్టు హాలులో వెనక బెంచీలో కూర్చుని చూడండి. ఆ ఆఫీసు జూనియర్లలో ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నిస్తున్నది, అంటే క్రాస్ చేస్తున్నది ఎవరు? వాయిదా అడుగుతున్నది ఎవరు? అబ్బాయిలు క్రాస్‌కు లేచి, అమ్మాయిలు ‘సీనియర్ హైకోర్టులో ఉన్నారు సార్, పాస్ ఓవర్ (కాసేపాగి పిలవండి)’ అనడానికే లేస్తుంటే, ఆ ఆఫీసులో మూడేళ్లున్నా మీ చేతికి ట్రయల్ రాదు. చేరేముందు మూడు విషయాలు సూటిగా అడగండి: నెలకు ఎంత ఇస్తారు, సాయంత్రం ఆఫీసు ఎన్నింటి దాకా, ఎన్ని నెలలకు చిన్న కేసు పూర్తిగా అప్పగిస్తారు. నగరాల్లో జూనియర్లకు నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని 2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సర్క్యులర్ ఇచ్చింది. అది సిఫారసు మాత్రమే, చాలామంది ఇవ్వరు. అయినా ఆ అంకె చెప్పి అడగడంలో తప్పేమీ లేదు. సీనియర్ ఇంటి ఆఫీసు రాత్రి తొమ్మిదిన్నర దాకా నడిస్తే ఇంటికి ఎలా చేరతారన్నది మీరే తేల్చుకోవాలి, ఆరు నెలల తర్వాత మానేయడానికి అదే కారణం కావచ్చు.

నేరుగా హైకోర్టుకు వెళ్లాలా, ట్రయల్ కోర్టా? మొదట ట్రయల్ కోర్టే. సాక్షి నోటి నుంచి మాట ఎలా బయటికొస్తుందో, అది డిపోజిషన్‌లోకి, అంటే కోర్టు రాసుకునే వాంగ్మూలంలోకి ఎలా ఎక్కుతుందో చూసినవాళ్లకే అప్పీలులో రికార్డు చదవడం తెలుస్తుంది.

మొదటి ఆరు నెలలు కాల్‌వర్క్ (కేసు పిలిచినప్పుడు హాజరవడం), రిటర్నులు (లోపాలున్నాయని ఆఫీసు తిప్పి పంపిన కాగితాలు సరిచేయడం), కాపీ అప్లికేషన్లు. విసుగుగా ఉంటుంది, కానీ పని అక్కడే పట్టుబడుతుంది. డైరీలో వాయిదా తేదీ ఒక్కటే రాయకండి. కేసు ఏ దశలో ఉంది, వచ్చే వాయిదాకు మనం ఏం దాఖలు చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఈ మూడూ రాయాలి. రిటన్ స్టేట్‌మెంట్‌కు (దావాకు ప్రతివాది రాతపూర్వక జవాబు) సమన్లు అందిన నాటి నుంచి 30 రోజులు, గరిష్ఠంగా 90. కమర్షియల్ దావాలో 120 దాటితే వేసే హక్కే పోతుంది. దావా రిటర్న్ వస్తే ఆఫీసు రాసిన ప్రతి అభ్యంతరానికీ ఒక్కో సమాధానం రాసి రీప్రెజెంట్ చేయండి, ఒకటి వదిలేసినా మళ్లీ అదే కట్ట తిరిగొస్తుంది.

మొట్టమొదట ప్రోనోటు (అప్పు తీరుస్తానని రాసిచ్చిన పత్రం) మీద వేసే దావా అడిగి తీసుకోండి. చిన్న కేసే అయినా సివిల్ ట్రయల్ మొత్తం అందులో ఉంటుంది. మీరు ప్రతివాది వైపు అనుకోండి. నోటు తేదీ నుంచి దావా తేదీకి మూడేళ్లు దాటిందా చూడండి. దాటితే నోటు వెనక్కి తిప్పండి, అక్కడ చెల్లు (కొంత బాకీ కట్టినట్టు రాత) రాసి ఉంటుంది. ఆ చెల్లు మూడేళ్లలోపు తేదీతోనే ఉందా, కింద సంతకం మన క్లయింటుదేనా? తర్వాత రెవెన్యూ స్టాంపు. స్టాంపు లేకపోయినా, దాన్ని సంతకంతో రద్దు చేయకపోయినా ఆ నోటు సాక్ష్యానికి పనికిరాదు, పెనాల్టీ కట్టినా ఆ లోపం తీరదు. అయితే ఈ అభ్యంతరం నోటును ఎ-1గా (వాది మొదటి రుజువు పత్రంగా) మార్క్ చేసే క్షణంలోనే చెప్పాలి. ఒకసారి మార్క్ అయ్యాక స్టాంపు చట్టం 36వ సెక్షన్ మిమ్మల్ని మళ్లీ అడగనివ్వదు. ఆ రోజు చీఫ్ అఫిడవిటే (వాది రాసిచ్చే సాక్ష్యం) కదా అని జూనియర్ కాఫీకి వెళ్లడం వల్ల పోయే కేసులు ఇవే.

క్రాస్‌లో ప్రశ్నలు చిన్నవిగా ఉండాలి. నోటు ఎవరింట్లో రాశారు, రాసినవాడు ఎవరు, అటెస్టర్లు (సాక్షి సంతకాలు చేసినవాళ్లు) ముందే ఉన్నారా తర్వాత వచ్చారా, డబ్బు బ్యాంకు నుంచి తీశారా ఇంట్లో ఉందా, ఐటీ రిటర్నులో చూపారా. అవే ప్రశ్నలు ఆ తర్వాత రాసినవాణ్ణి, అటెస్టర్‌ను విడివిడిగా అడిగితే జవాబులు ఎక్కడ విడిపోతాయో కనిపిస్తుంది. సంతకం మాది కాదన్నప్పుడు నిపుణుడికి పంపే పిటిషన్ వేయాలంటే, నోటు కాలం నాటి సంతకాలు బ్యాంకు నుంచో రిజిస్ట్రార్ ఆఫీసు నుంచో తెప్పించండి. వివాదం వచ్చాక వకాలత్ (లాయరుకు కేసు అప్పగించే పత్రం) మీద పెట్టిన సంతకంతో పోల్చమంటే పిటిషన్ నిలబడటం కష్టం.

ఆడ లాయర్ అనగానే మనోవర్తి, డీవీసీ (గృహహింస), విడాకుల కేసులే చేతిలో పెడతారు. అవి విలువైన పనే, బాగా చేసేవాళ్లు అవసరం కూడా. కానీ అవి మాత్రమే చేస్తే అయిదేళ్ల తర్వాత ఇంజంక్షన్ దావాకో సెషన్స్ కేసుకో ఎవరూ పిలవరు. బయటికి రావడానికి రెండు తలుపులున్నాయి. ఒకటి అడ్వకేట్ కమిషనర్ పని: భూమి కొలతలకు, స్థలపరిశీలనకు, బ్యాంకు ఆస్తి స్వాధీనాలకు కోర్టు కమిషనర్లను నియమిస్తుంది, ఫీజు కోర్టే నిర్ణయిస్తుంది. వెళ్లేముందు ఇరుపక్షాలకూ రాతపూర్వక నోటీసు ఇచ్చి రసీదు ఉంచుకోండి, ఒక పక్షం లేకుండా కొలిస్తే రిపోర్టు మీద అభ్యంతరం ఖాయం. ఊరి పొలాల్లో ఒంటరిగా వెళ్లాల్సిన చోట పోలీసు సాయం కావాలని కోర్టును ముందే అడగండి, అది పిరికితనం కాదు. రెండోది జిల్లా న్యాయసేవాధికార సంస్థలోని లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ. అసిస్టెంటు పోస్టు మూడేళ్లలోపు ప్రాక్టీసు ఉన్నవాళ్లకే. నెలనెలా పారితోషికం వస్తుంది, హత్య కేసుల ట్రయల్ దగ్గరగా చూస్తారు. పని చేసినన్నాళ్లూ ప్రైవేటు కేసులు తీసుకోకూడదన్న షరతు గుర్తుంచుకోండి.

ఏడేళ్ల మైలురాయి దగ్గర రెండు దారులు తెరుచుకుంటాయి: జిల్లా జడ్జి నేరుగా నియామకం, సెషన్స్ కోర్టు పబ్లిక్ ప్రాసిక్యూటర్ పదవి. పదేళ్లకు హైకోర్టు జడ్జి పదవికి రాజ్యాంగం చెప్పిన అర్హత వస్తుంది. ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో తొలి మహిళా జడ్జిగా 1978లో అమరేశ్వరి గారు బెంచి ఎక్కారు.

ఆఫీసులో ఎవరైనా హద్దు మీరితే ఫిర్యాదు చేసే దారి ఉంది: పనిచేసే చోట లైంగిక వేధింపులపై వచ్చిన 2013 చట్టం ‘ఉద్యోగి’ అనే మాటలో జీతం లేని ట్రైనీని కూడా చేర్చింది. పదిమందికన్నా తక్కువ పనిచేసే చోటైతే ఫిర్యాదు జిల్లాలోని స్థానిక కమిటీకి, మూడు నెలల్లోపు వెళ్లాలి. మెసేజీలు చెరిపేయకండి.

కాన్పుకో, పసిబిడ్డ కోసమో ఆగాల్సివస్తే సనదు సస్పెండ్ చేయించుకోవద్దు. జిల్లా జడ్జి నియామకానికి ఏడేళ్లూ తెగకుండా కొనసాగి ఉండాలి. అందుకే మొదటి నుంచీ ప్రతి వకాలత్ మీదా నమ్మకమైన సహ న్యాయవాది పేరు కూడా రాయించండి. ఎనిమిదో నెల వచ్చేసరికి కేసుకో కాగితం చొప్పున తయారుగా ఉండాలి: దశ, వచ్చే వాయిదా, మిగిలిన సాక్షులు, క్లయింటు నంబరు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ రోజూ సాయంత్రం పావుగంట ఈ-కోర్ట్స్ యాప్‌లో మీ కేసుల డాకెట్లు చూసుకోండి. డిఫాల్ట్‌కు (హాజరు లేక) డిస్మిస్ అయితే పునరుద్ధరణ పిటిషన్‌కు ఉన్న గడువు 30 రోజులే.