వీఎస్ కోడ్: సెర్చ్ సెట్టింగ్ మార్చినా మారకపోతే

సమస్య: వీఎస్ కోడ్ (ప్రోగ్రాములు రాసే ఎడిటర్)లో తెరిచిన ఫోల్డర్‌లోనే ఫైల్ ఉంది, కంట్రోల్ + షిఫ్ట్ + ఎఫ్‌తో వెతికితే రాదు. యూజర్ సెట్టింగ్స్‌లో (మీ ప్రాజెక్టులన్నింటికీ వర్తించేవి) మార్చినా అదే తీరు. "అన్నా, సెర్చ్‌ల వస్తలేదు" అంటూ నేరుగా రీఇన్‌స్టాల్‌కు పోకండి. దాంతో ఇది పోదు.

ముందు ఇవి చూడండి. ఎన్నిసార్లు చెప్పినా వదిలేసేది ఇక్కడే. సెర్చ్ పెట్టెలో కుడివైపు మూడు బటన్లుంటాయి. హోల్ వర్డ్ ఆన్‌లో ఉంటే 'వరంగల్' అని కొట్టినప్పుడు 'వరంగల్‌లో' ఉన్న లైన్ రాదు. రెజెక్స్ (గుర్తులతో నమూనా రాసి వెతికే పద్ధతి) ఆన్‌లో ఉంటే బ్రాకెట్‌ను బ్రాకెట్‌గా వెతకదు. కింద మూడు చుక్కలు నొక్కితే ఇంక్లూడ్ (వెతకాల్సినవి), ఎక్స్‌క్లూడ్ (వదిలేయాల్సినవి) పెట్టెలొస్తాయి. వాటిలో పాత పేరేదైనా మిగిలి ఉంటే తుడిచేయండి. పుస్తకం బొమ్మ ఆన్‌లో ఉంటే తెరిచిన ఫైళ్లలోనే వెతుకుతుంది.

అసలు దొంగ: వర్క్‌స్పేస్ సెట్టింగ్, అంటే ఆ ఒక్క ప్రాజెక్టు ఫోల్డర్‌కే వర్తించేది. హనుమకొండ, కాజీపేట ల్యాబుల్లో ప్రాజెక్టు ఫోల్డర్ పెన్‌డ్రైవ్ మీద సీనియర్ నుంచి జూనియర్‌కు వస్తుంది. దాంట్లో '.వీఎస్‌కోడ్' అనే చిన్న ఫోల్డర్, అందులో సెట్టింగ్స్ ఫైల్ కూడా వచ్చేస్తాయి. ఒకే సెట్టింగ్ రెండుచోట్లా ఉంటే వర్క్‌స్పేస్‌దే చెల్లుతుంది. ఎక్స్‌క్లూడ్ జాబితాలైతే రెండూ కలిసిపోతాయి. వర్క్‌స్పేస్ జాబితాలో 'డేటా' ఫోల్డర్‌కు ట్రూ (అంటే వెతకొద్దు) అని ఉంటే, మీ యూజర్ జాబితాలోంచి తీసేసినా, ఫాల్స్ అని రాసినా లాభం లేదు.

ఎక్స్‌క్లూడ్ పెట్టెలోని గేర్ బొమ్మను ఆఫ్ చేసి మళ్లీ వెతకండి. ఫలితాలొచ్చాయా? అయితే ఏదో ఎక్స్‌క్లూడ్ జాబితానో, గిట్ ఇగ్నోర్ ఫైలో (కోడ్ మార్పులు దాచే గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితా) అడ్డుపడుతోంది. కంట్రోల్ + కామా కొట్టి 'సెర్చ్ ఎక్స్‌క్లూడ్' వెతకండి. యూజర్ ట్యాబ్‌లో ఆ సెట్టింగ్ పేరు పక్కన వర్క్‌స్పేస్‌లోనూ మారినట్టు చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని నొక్కి, అక్కడి లైన్ తీసేయండి. 'ఫైల్స్ ఎక్స్‌క్లూడ్' కూడా చూడాల్సిందే, ఆ జాబితా సెర్చ్‌కూ వర్తిస్తుంది. రెండూ శుభ్రంగా ఉంటే 'యూజ్ ఇగ్నోర్ ఫైల్స్' టిక్ తీయండి. మామూలుగా అది ఆన్‌లోనే ఉంటుంది కాబట్టి గిట్ ఇగ్నోర్‌లో రాసినవేవీ సెర్చ్‌కు కనబడవు.

ఫోల్డర్ పంచేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: స్మార్ట్ కేస్ (పెద్ద అక్షరం కొడితేనే ఇంగ్లిష్ పెద్ద, చిన్న అక్షరాల తేడా చూడటం), సెలెక్ట్ చేసిన మాట ఫైండ్ పెట్టెలోకి రావాలా వద్దా లాంటివి ఎవరి అలవాటు వాళ్లది. వాటిని వర్క్‌స్పేస్ ఫైల్‌లో రాస్తే అవతలివాళ్లు యూజర్ సెట్టింగ్స్‌లో ఎంత మార్చుకున్నా పనిచేయవు. బిల్డ్ ఫోల్డర్ (ప్రోగ్రాం తయారైనప్పుడు వచ్చే ఫైళ్లుండేది) లాంటి ప్రాజెక్టు సంగతులే అందులో ఉంచండి.

అరుదుగా: సెట్టింగ్స్ ఫైల్‌లో కామా తప్పితే ఎర్ర గీత పడుతుంది, సరిచేయండి. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటల్లో కనబడని నాన్-జాయినర్ అక్షరం (పక్క అక్షరంతో కలవకుండా ఆపేది) ఉంటుంది. అది లేకుండా టైప్ చేస్తే దొరకదు, ఫైల్‌లోంచే కాపీ చేసి వెతకండి. డీటీపీ సెంటర్ నుంచి అను ఫాంట్లలో వచ్చిన మ్యాటర్ యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర పద్ధతి) కాదు, మార్చుకున్నాకే సెర్చ్.