ట్రెయిలర్‌లో కంపోస్టింగ్ టాయిలెట్: సమస్య, కారణం, పరిష్కారం

అమెరికాలో ట్రావెల్ ట్రెయిలర్ కొనుక్కుని తిరిగే మనవాళ్లలో చాలామంది బ్లాక్ ట్యాంకు (మలమూత్రాలు నిలవ ఉండే ట్యాంకు) బాధ తప్పుతుందని నేచర్స్ హెడ్, ఎయిర్ హెడ్, ఓగో లాంటి కంపోస్టింగ్ టాయిలెట్ పెట్టించుకుంటున్నారు. పనితీరు అన్నింట్లోనూ ఒకటే. మూత్రం ముందున్న సీసాలోకి, మలం వెనకున్న కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) డబ్బాలోకి విడివిడిగా పోతాయి. హ్యాండిలో మోటారో డబ్బాలోది కలుపుతుంది. 12 వోల్టుల చిన్న ఫ్యాను లోపలి గాలిని గొట్టం గుండా బయటికి తోస్తుంది. వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం రెండే రెండు కారణాల వల్ల: డబ్బాలో తడి పెరగడం, గాలి తిరగబడడం. ఏది మార్చబోయే ముందైనా ఈ రెండూ చూడండి.

డబ్బాలోంచి కుళ్లు వాసన, లోపల ముద్దముద్దగా ఉంది

సవ్యంగా ఉన్న డబ్బా తడి మట్టి వాసన వేస్తుంది. కుళ్లు కంపు కొడితే లోపల గాలి ఆడట్లేదని అర్థం. తడి ఎక్కువైతే కోకోపీట్‌లోని ఖాళీలన్నీ నీటితో నిండిపోతాయి, గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు పెరుగుతాయి, కంపు వాటిదే.

తడి ఎంతుందో చూడడానికి చేతికి గ్లవుజు వేసుకుని గుప్పెడు తీసి పిడికిలి బిగించండి. పిట్టుకు తడిపిన పిండిలా ఉండాలి: నొక్కితే ఉండ కట్టాలి, వేలు తగిలితే విడిపోవాలి. వేళ్ల సందుల్లోంచి నీరు కారిందంటే తడి ఎక్కువే.

మొదట్లోనే నీళ్లు ఎక్కువ పోసి ఉండొచ్చు. 650 గ్రాముల కోకోపీట్ ఇటుక మీద, మొక్కలకైతే మూడు లీటర్ల దాకా పోయమని ఉంటుంది. టాయిలెట్‌కు అంత వద్దు. ఒకటిన్నర లీటరు పోసి, గంట ఆగి, మధ్యలో పొడిగా మిగిలితేనే ఇంకో అర లీటరు పోయండి. డబ్బాలో కలిపే కడ్డీ ఇరుసు ఎత్తు వరకు వేస్తే చాలు. అంతకు మించితే కడ్డీ తిరగదు, పైన చోటూ మిగలదు.

అది సరిగ్గానే ఉంటే మూత్రం వెనక్కి పోతోందేమో చూడండి. టాయిలెట్ గిన్నెలో డబ్బా మీదుండే వెనక తలుపు మూసే ఉంచి ముందు మూత్రం పోసి, ఆ తర్వాతే తలుపు తెరవాలి. మగవాళ్లయినా కూర్చునే పోయాలి. చిన్నపిల్లలకు ఈ వరస పట్టుబడే దాకా పెద్దవాళ్లు పక్కన ఉండాలి. ట్రెయిలర్ ముక్కు పైకెత్తి నిలిపినా, పక్కకు ఒరిగి ఉన్నా ముందు రంధ్రాల వైపు పారాల్సిన మూత్రం డబ్బాలోకి జారుతుంది. టాయిలెట్ అంచు మీద చిన్న స్పిరిట్ లెవెల్ పెట్టి చూసి, చక్రాల కింద దిమ్మలు సర్దండి.

తడిసిపోయిన డబ్బాను బాగు చేయడం కష్టం కాదు. పొడి కోకోపీట్ రెండు మూడు గుప్పిళ్లు వేసి నాలుగైదు చుట్లు తిప్పండి. ఫ్యానును రాత్రంతా తిరగనిచ్చి, పొద్దున మళ్లీ పిడికిట్లో పట్టి చూడండి. అప్పటికీ నీరు కారుతుంటే ఇక తంటాలు పడకుండా ఖాళీ చేసి కొత్తగా నింపడమే మేలు. ఇంట్లో ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే ఆ రెండు మూడు రోజులు క్యాంప్‌గ్రౌండ్ టాయిలెట్ వాడమనండి. ఆ తడిని ఏ డబ్బా తట్టుకోలేదు.

నీళ్లతో కడుక్కుంటే డబ్బా తడిసిపోతోంది

ఈ యంత్రాలతో వచ్చే పుస్తకాలు కాగితం వాడేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసినవి. మనకు నీళ్లు లేకుండా కుదరదు. మగ్గుతో కడుక్కుంటే ఒక్కసారికి లీటరు దాకా ఖర్చవుతుంది. ఇద్దరుంటే రోజుకు రెండు లీటర్లు. ఫ్యాను ఒక్క రోజులో ఆరబెట్టగలిగేది అందులో కొంతే. అందుకని వెనక తలుపు తెరిచి ఉండగా చుక్క నీరు కూడా వాడకూడదు. హ్యాండ్ స్ప్రే బిగించుకోవాలన్న ఆలోచనే పెట్టుకోవద్దు.

అలవాటు మానుకోనక్కర్లేదు, చోటు మార్చుకుంటే చాలు. ముందు కాగితంతో తుడుచుకోండి. తర్వాత షవర్ గదిలో ఒక ప్లాస్టిక్ టబ్బు పెట్టుకుని, నొక్కితే సన్నటి ధార కొట్టే సీసాతో కడుక్కోండి. బాలింతలకు ఆస్పత్రుల్లో ఇచ్చే వంపు మూతి సీసా దీనికి బాగా పనికొస్తుంది. 250 మిల్లీలీటర్లు సరిపోతాయి. టబ్బులో నీటిని మూత ఉన్న డబ్బాలోకి వంపి, క్యాంప్‌గ్రౌండ్ టాయిలెట్‌లోనో, ట్రెయిలర్ ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్‌లోనో పోయండి. షవర్ కాలవలోకి వదిలితే అది స్నానం, సింకు నీళ్లు చేరే గ్రే ట్యాంకుకు చేరుతుంది. ఆ ట్యాంకు నీళ్లు నేల మీద వదలడానికి అనుమతి ఉన్నచోట్ల కూడా ఇక ఆ పని చేయకూడదు.

టబ్బుకు చోటు లేకపోతే ఇంకో దారి ఉంది. వెనక తలుపు మూసి, కాస్త ముందుకు జరిగి, అదే సీసాతో కడుక్కుంటే నీరు ముందు రంధ్రాల్లోంచి మూత్రం సీసాలోకి పోతుంది. అయితే తలుపు అంచుల దగ్గర నీరు పూర్తిగా ఆగదు, కొంత డబ్బాలోకి దిగుతుంది. పైగా మూత్రం సీసాలోకి మలం ఆనవాళ్లు చేరతాయి కాబట్టి దాన్ని రోజూ ఖాళీ చేయాలి, చెట్ల మొదట్లో పోసే మాటే వద్దు. తప్పనిసరైతేనే ఈ పద్ధతి వాడండి.

తడి వైప్స్ మాత్రం డబ్బాలో వేయవద్దు. అవి కుళ్లవు, కడ్డీకి చుట్టుకుంటాయి.

డబ్బా బాగానే ఉంది, అయినా ట్రెయిలర్ లోపల వాసన

ఇక్కడ చూడాల్సింది గాలి. టాయిలెట్ మూత ఎత్తి, వెనక తలుపు తెరిచి, సన్నటి టిష్యూ ముక్కను డబ్బా నోటి దగ్గర వేలాడదీయండి. గాలి దాన్ని లోపలికి లాగాలి. కదలకపోయినా, మీ వైపు ఊగినా తప్పు దొరికినట్టే.

ఎక్కువమంది పట్టించుకోని కారణం పైకప్పు ఫ్యాను. కిటికీలన్నీ మూసి పైకప్పు ఫ్యానో, పొయ్యి మీది ఎగ్జాస్టో వేస్తే అది లాగే గాలికి దారి కావాలి. టాయిలెట్ గొట్టం నుంచి వెనక్కి లాక్కుంటుంది. ఆ పెద్ద ఫ్యాను ముందు మన చిన్న ఫ్యాను నిలవదు. ముందు ఒక కిటికీ తెరిచి, ఆ తర్వాతే పైకప్పు ఫ్యాను వేయండి.

అది కాకపోతే ఫ్యూజు చూడండి. తర్వాత ఫ్యాను ముందున్న దోమల జాలీ. కోకోపీట్ దుమ్ము దాన్ని మూసేస్తుంది, పాత టూత్ బ్రష్‌తో దులిపితే పోతుంది. ఫ్యాను విప్పి శుభ్రం చేశాక వాసన మొదలైతే దాన్ని తిరగేసి బిగించారేమో చూడండి. ఫ్యాను ఒంటి మీద గాలి దిశ చూపే బాణం గుర్తు సాధారణంగా ఉంటుంది, అది బయటి వైపు చూపాలి. గొట్టం మధ్యలో కిందికి జారి వంపు తిరిగితే రాత్రి చలికి అక్కడ నీరు చేరి దారి మూసుకుంటుంది. మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా కిందికి దిగకుండా క్లిప్పులు వేయండి.

బ్యాటరీ అయిపోతుందని ఫ్యాను ఆపేసేవాళ్లున్నారు. అది రోజంతా తిరిగినా తినేది దాదాపు 2 ఆంపియర్ అవర్లే. 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో నూటికి రెండు వంతులు. ఎప్పుడూ ఆపకండి.

ముక్కు పుటాలు మండే ఘాటు

అమ్మోనియా. మూత్రం సీసాలో ఒకటి రెండు రోజులు నిలవ ఉంటే బ్యాక్టీరియా యూరియాను విడగొట్టి దాన్ని పుట్టిస్తుంది. ఒక మనిషికి రోజుకు లీటరున్నర అనుకుంటే ఇద్దరికి మూడు లీటర్లు. నేచర్స్ హెడ్ సీసాలో ఎనిమిది లీటర్ల పైచిలుకు పడుతుంది. రెండున్నర రోజులకు నిండిపోతుంది, నిండే దాకా ఆగకుండా రోజూ ఖాళీ చేయడం మంచిది. బండి కదిలే ముందు తప్పనిసరి. ఖాళీ సీసాలో పావు కప్పు వెనిగర్ పోసి పెడితే ఘాటు ఆలస్యంగా మొదలవుతుంది.

సీసా కడిగినా వాసన పోకపోతే లోపలి గోడల మీద, రంధ్రాల చుట్టూ తెల్లటి గార పట్టి ఉంటుంది. లీటరు వేడి నీళ్లలో రెండు టేబుల్ స్పూన్ల నిమ్మ ఉప్పు కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున సీసా బ్రష్‌తో రుద్దండి. బ్లీచ్ మాత్రం వాడొద్దు. మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్ వాయువు వస్తుంది. ట్రెయిలర్ బాత్‌రూమ్ అంత ఇరుకు చోట అది ఊపిరితిత్తులకు ప్రమాదం.

హ్యాండిల్ తిరగట్లేదు

బలం పెట్టకండి, లోపల కడ్డీ వంగుతుంది. ముందుకు పావు చుట్టు, వెనక్కి పావు చుట్టు తిప్పుతూ చూడండి. ఆరిజోనా లాంటి పొడి చోట్ల కోకోపీట్ ఎండి గట్టిపడుతుంది. స్ప్రే సీసాతో 100 మిల్లీలీటర్ల నీళ్లు చల్లి అరగంట ఆగితే వదులవుతుంది. కాగితం చుట్టుకుంటే గ్లవుజు వేసుకుని లాగేయాలి. ఇకపై కాగితాన్ని విడిగా సంచిలో వేస్తే ఆ పని తప్పుతుంది, డబ్బా కూడా ఇంకొన్ని రోజులు వస్తుంది. ఇవేవీ కాకపోతే డబ్బా నిండినట్టే.

చిన్న నల్ల ఈగలు

ఇవి ఫంగస్ నాట్స్. గుడ్లు చాలాసార్లు కోకోపీట్‌తోనే వస్తాయి. మిద్దె తోటలు పెంచేవాళ్లకు పాత పరిచయమే. అందుకే ఇటుకను చన్నీళ్లతో కాక, మరిగే నీళ్లతో తడిపి, చల్లారాక వాడండి. మిగిలిన ఇటుకలను గాలి చొరబడని సంచిలో కట్టి ఉంచండి.

ఈగలు వచ్చేశాక డయటమేషియస్ ఎర్త్ (పురుగులను చంపే మెత్తటి ఖనిజపు పొడి) చల్లమంటారు. తడిసిన చోట అది పనిచేయదు, పొడిగా ఉన్న అంచుల మీద తప్ప లాభం లేదు. దోమల కోసం అమ్మే బీటీఐ అనే బ్యాక్టీరియా గుళికలు మేలు. లీటరు నీటికి ఒక టేబుల్ స్పూను చొప్పున అరగంట నానబెట్టి, ఆ నీటిని వారానికోసారి పైపైన కొద్దిగా చల్లండి. అది పిల్ల పురుగులనే చంపుతుంది, ఎగిరేవాటిని కాదు. కాబట్టి మూడు వారాలు వరసగా చేయాలి. అంత ఓపిక లేకపోతే ఖాళీ చేసి, సబ్బుతో కడిగి, ఎండబెట్టి కొత్తగా నింపండి.

చలికాలంలో ఏమీ మారట్లేదు

13 డిగ్రీల సెల్సియస్, అంటే 55 ఫారెన్‌హీట్ కిందికి వెళ్తే సూక్ష్మజీవుల పని దాదాపు ఆగిపోతుంది. పాడైందేమీ లేదు. డబ్బాను మామూలు కంటే త్వరగా ఖాళీ చేస్తే సరిపోతుంది.

ఖాళీ చేసేటప్పుడు

ఇద్దరు రోజూ వాడితే నేచర్స్ హెడ్ డబ్బా మూడు నాలుగు వారాలకు నిండుతుంది. అందులోది పైకి మట్టిలా కనిపించినా ఎరువు కాదు. మురుగు మడ్డిని మూసిన పాత్రలో కంపోస్టు చేసేటప్పుడు 55 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం 3 రోజులు నిలవాలని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ నిబంధన. ఇంత చిన్న డబ్బాలో ఆ వేడి పుట్టదు. నులిపురుగుల గుడ్లు బతికే ఉంటాయి. ఇంటికి తెచ్చి మూత ఉన్న కంపోస్టు తొట్టిలో కనీసం ఏడాది మాగబెట్టినా పూలమొక్కలకే వేయండి, తోటకూర, కొత్తిమీర మడుల్లో వద్దు.

దారిలో అయితే స్థానిక నిబంధనలు ఒప్పుకున్నచోట రెండు సంచుల్లో కట్టి చెత్తలో వేయొచ్చు. క్యాంప్‌గ్రౌండ్ ఆఫీసులో ముందే అడగండి. గోతి టాయిలెట్లలో మాత్రం వంపకండి, కోకోపీట్ వాటిని తోడే పంపులకు అడ్డం పడుతుంది. ఖాళీ చేయబోయే ముందు పది పన్నెండు గంటలు వాడకుండా ఉంటే పైన తాజాది ఉండదు. మూత్రం సీసా పక్కకు తీసి, పెద్ద సంచిని డబ్బా మూతికి తొడిగి, బోర్లించి తట్టండి. అడుగున కాస్త మిగిలితే గీకక్కర్లేదు, దాని మీదే కొత్త కోకోపీట్ వేసుకోవచ్చు.