పికప్‌కు ఏ గొలుసులు సరిపోయాయి: నా అనుభవం
సియాటెల్ నుంచి స్నోక్వాల్మీ కనుమ దాటేటప్పుడల్లా, వెనుక చక్రాలతో నడిచే నా పికప్ వెనుకభాగం, బరువేమీ లేకపోవడంతో, మంచు మీద పక్కకు జారిపోయేది. మంచు మీద పట్టు కోసం టైర్లకు చుట్టే గొలుసుల్లో మొదట కొన్న లావుపాటివి టైరు కొలతకు సరిపోయినా, లోపలివైపు టకటకమని శబ్దం వచ్చింది. దిగి చూస్తే బ్రేకు గొట్టం మీద మెరుస్తున్న గీత కనిపించింది. చక్రం చుట్టూ ఖాళీ తక్కువ కనుక క్లాస్ ఎస్ అనే, తక్కువ చోటులో పట్టే రకమే వాడాలని బండితో వచ్చిన పుస్తకంలో ఉంది (కొనకముందే చూడవలసింది). ఆ రకానికే చెందిన సన్నని కేబుల్ గొలుసులు తెచ్చి వెనుక చక్రాలకు బిగించి, ఇరుసుకు సరిగ్గా పైన 60 పౌండ్ల ఇసుక సంచులు నాలుగు కదలకుండా కట్టాను. కొద్ది దూరం నడిపి ఆగి మళ్లీ బిగించాలి, గంటకు 30 మైళ్లు దాటకూడదు. శీతాకాలపు టైర్లు మంచివే గాని, గొలుసులు తప్పనిసరి అన్న బోర్డు వెలిగితే ఇలాంటి బండికి ఆ టైర్లు మాత్రమే చాలవు.