సీఎంఈ భూమికి ఎన్ని గంటల్లో చేరుతుంది? డ్రాగ్ లెక్క వేసే పద్ధతి

సూర్యుడి నుంచి సెకనుకు 1000 కి.మీ. వేగంతో ఒక సీఎంఈ (కరోనల్ మాస్ ఎజెక్షన్, అంటే సూర్యుడు ఎగజిమ్మే విద్యుదావేశ వాయువు ముద్ద) బయల్దేరిందనుకోండి. భూమి దాకా ఉన్న దూరాన్ని వేగంతో భాగిస్తే సుమారు 42 గంటలొస్తాయి. ఆ జవాబు తప్పు. దారి పొడవునా సౌరగాలి (సూర్యుడి నుంచి నిత్యం వెలువడే విద్యుదావేశ కణాల ప్రవాహం) అదే దిక్కుకు, సాధారణంగా 400 కి.మీ. వేగంతో, వీస్తూ ఉంటుంది. తనకంటే జోరుగా పోయేదాన్ని అది నెమ్మదింపజేస్తుంది, మెల్లగా వచ్చేదాన్ని ముందుకు నెడుతుంది. రెండూ డ్రాగే. దీని బలం వేగాల తేడా వర్గాన్ని బట్టి పెరుగుతుంది.

లెక్కను 20 సౌర వ్యాసార్ధాల దగ్గర, అంటే 1.39 కోట్ల కి.మీ. నుంచి మొదలుపెట్టండి. అంతకు లోపల అయస్కాంత బలాలదే పెత్తనం. తొలి వేగాన్ని సోహో అంతరిక్ష నౌకలో సూర్యబింబాన్ని కప్పి చుట్టుపక్కల చూసే కెమెరా లాస్కో సీ3 చిత్రాల నుంచి తీసుకోవచ్చు, అది 30 వ్యాసార్ధాల దాకా చూస్తుంది. శ్రీహరికోట నుంచి 2023లో వెళ్లిన ఆదిత్య ఎల్1లోని అలాంటి కెమెరా వీఈఎల్‌సీ చూపు 3 వ్యాసార్ధాల దగ్గరే ఆగుతుంది కాబట్టి ఈ పనికి అది చాలదు.

ఇక గామా, అంటే డ్రాగ్ ఎంత బలంగా పనిచేస్తుందో చెప్పే గుణకం. సీఎంఈ ఎంత వెడల్పు, ఎంత బరువు, చుట్టూ గాలి ఎంత చిక్కన అన్నవన్నీ ఈ ఒక్క అంకెలో ఇమిడి ఉంటాయి. కిలోమీటరుకు 0.2 × 10⁻⁷ నుంచి 2 × 10⁻⁷ వరకు వాడతారు. చిత్రంలో కాంతివంతంగా, బరువుగా కనిపిస్తే చిన్న విలువ, పలచగా పరుచుకుంటే పెద్దది.

గామా 0.2 × 10⁻⁷ అనుకుని, ప్రయాణ కాలాన్ని ఊహించి 53 గంటలు (1,90,800 సెకన్లు) పెట్టి చూద్దాం. వేగాల తేడా 600. గామా, తేడా, సెకన్లు గుణిస్తే 2.29. ఒకటి కలిపితే 3.29, దాని సహజ లాగరిథమ్ 1.19. గామాతో భాగిస్తే 5.95 కోట్ల కి.మీ. ఈలోగా గాలి పోయే దూరం 7.63 కోట్లు. మొత్తం 13.58. వెళ్లాల్సింది 13.57 కోట్లు కాబట్టి 53 గంటలు సరిపోయింది. సరిపోకపోతే గంటలు మార్చి మళ్లీ వేయాలి. చేరే వేగం 600 ÷ 3.29 + 400, అంటే 582 కి.మీ. సీఎంఈ గాలికంటే మెల్లగా ఉంటే తేడాను ధనసంఖ్యగానే తీసుకుని, లాగరిథమ్ భాగాన్ని గాలి దూరం నుంచి తీసేయండి, చివరి వేగంలోనూ అంతే. గంటలను సెకన్లలోకి మార్చడం మరిచిపోవడమే ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు.

అంకెలు ఎంత చంచలమో చూడండి. గామాను 0.5 × 10⁻⁷ చేస్తే 53 గంటలు 65 అవుతాయి. గామాను కదపకుండా గాలిని 600 చేస్తే 44కి దిగుతాయి. అందుకే ఒకే జవాబు చెప్పకుండా కనీసం మూడు గామా, గాలి వేగం జతలతో లెక్కవేసి, వచ్చిన వ్యవధి మొత్తం చెప్పడం మంచిది. గాలి వేగానికి ఎల్1 (భూమికి సూర్యుడి వైపు సుమారు 15 లక్షల కి.మీ. దూరంలోని బిందువు) దగ్గర ఇప్పుడు కొలిచిన విలువను గుడ్డిగా పెట్టకండి. ఆ గాలి సూర్యుణ్ని వదిలి రోజులైంది. భూమికి ఎదురుగా కరోనల్ హోల్ (సూర్యుడిపై వేగమైన గాలి వెలువడే చోటు) ఉందేమో, 27 రోజుల కిందట, అంటే సూర్యుడి గత భ్రమణంలో, ఏం వీచిందో చూడండి.

నేరుగా మనవైపు వచ్చే సీఎంఈ సూర్యుడి చుట్టూ వలయంలా కనిపిస్తుంది. అక్కడ కొలిచేది పక్కలకు విస్తరించే వేగమే, ముందుకొచ్చే వేగం కాదు. వేరే కోణం నుంచి సూర్యుణ్ని చూసే స్టీరియో-ఎ అంతరిక్ష నౌక చిత్రం దొరికితే సరిచూసుకోండి.

ఒకదాని వెనక ఒకటి వస్తే మామూలు గామా పనికిరాదు. 2012 జూలై 23 నాటి సీఎంఈకి అంతకుముందు వెళ్లినవి దారి ఊడ్చిపెట్టాయి. సూర్యుడికి దాదాపు భూమికున్నంత దూరంలో ఉన్న స్టీరియో-ఎను అది 19 గంటల లోపే చేరింది, అప్పటికీ వేగం 2000 కి.మీ. పైమాటే.

చివరిగా, మీ జవాబు సీఎంఈ ముద్ద ముందంచుది. దానికి ముందు నడిచే షాక్ (ఒత్తిడి తరంగం) కొన్ని గంటలు ముందే తగులుతుంది. సరిచూసేటప్పుడు ఆ రెండు సమయాలనూ కలిపేయకండి.