అమెరికా కాలేజీలో మీ మేజర్‌ను మీరే రూపొందించుకోవడం ఎలా?

అమెరికాలో డిగ్రీ చదివేవాళ్లకు కాలేజీ ఇచ్చే మేజర్లలో (డిగ్రీకి ప్రధానంగా చదివే సబ్జెక్టుల్లో) ఏదీ నచ్చకపోతే, సొంతంగా ఒకటి రూపొందించుకునే వీలు చాలాచోట్ల ఉంది. బ్రౌన్ యూనివర్సిటీలో దీన్ని ఇండిపెండెంట్ కాన్సన్‌ట్రేషన్ అంటారు. న్యూయార్క్ యూనివర్సిటీలో గాలటిన్ అనే స్కూలు నడిచేదే ఈ పద్ధతిలో. మన పిల్లల్లో ఈ దారి తెలిసినవాళ్లు తక్కువ, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

1. ముందు ఒక ప్రశ్న పట్టుకోండి

"నాకు కెమిస్ట్రీ ఇష్టం, పాలిటిక్స్ కూడా ఇష్టం" అంటే డబుల్ మేజర్ చేసుకోమంటారు. ఒక్క డిపార్ట్‌మెంటుకు లొంగని ప్రశ్న కావాలి. నల్గొండ ఫ్లోరైడ్ సమస్యనే తీసుకోండి. గ్రానైట్ రాళ్ల నుంచి ఫ్లోరైడ్ బోరునీళ్లలోకి ఎలా చేరుతుందన్నది జియాలజీ. పటిక, సున్నం వేసి దాన్ని తొలగించే 'నల్గొండ టెక్నిక్' కెమిస్ట్రీ. పళ్లు గారపట్టడం, ఎముకలు వంగిపోవడం ప్రజారోగ్యం. ఊళ్లో ఫిల్టర్ ప్లాంటు పెట్టాక దాన్ని ఎవరు నడపాలి, ఖర్చు ఎవరు భరించాలి అన్నది పబ్లిక్ పాలసీ. వీటిలో ఏ ఒక్కటి తీసేసినా జవాబు సగమే దొరుకుతుంది. మీ ప్రశ్న కూడా ఈ పరీక్షకు నిలబడాలి.

2. కాలేజీ కోర్సుల కేటలాగ్ జల్లెడ పట్టండి

ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ ఉండగా ఇదెందుకని, మీ ప్రపోజల్‌ను (సొంత మేజర్ కోసం ఇచ్చే ప్రతిపాదనను) పరిశీలించే కమిటీ కచ్చితంగా అడుగుతుంది. జవాబు సిద్ధంగా ఉంచుకోండి. కోర్సులు రాసుకునేటప్పుడు ప్రతిదానికీ ప్రీరిక్విజిట్లు (ముందుగా చదివి ఉండాల్సిన కోర్సులు) చూడండి. హైడ్రోజియాలజీలో చేరాలంటే ముందు కాలిక్యులస్, బేసిక్ జియాలజీ చదివి ఉండాలనవచ్చు. కొన్ని కోర్సులు ఏడాది విడిచి ఏడాదే ఉంటాయి. స్టాటిస్టిక్స్ లాంటి మెథడ్స్ కోర్సు ఒకటైనా ఉండాలి. అది లేని ప్లాను నా దృష్టిలో బలహీనమే.

3. ప్రొఫెసర్‌ను ఒప్పించండి

మీ ప్లానుకు సలహాదారుగా ఉండేందుకు ఒక ప్రొఫెసర్ ఒప్పుకోవాలి. పని నిలబడేదీ ఆగిపోయేదీ ఇక్కడే. మీకు పాఠం చెప్పినవారైతే మేలు. ఒక్క పేజీలో మీ ప్రశ్న, కోర్సుల జాబితా రాసుకుని ఆఫీస్ అవర్స్‌లో (విద్యార్థులను కలిసేందుకు ప్రొఫెసర్ కేటాయించే వేళల్లో) కలవండి. వెళ్లగానే సంతకం అడగొద్దు, "ఇందులో ఏం లోపించింది సార్?" అని అడగండి. వచ్చే ఏడాది సబాటికల్‌లో (పాఠాలకు దూరంగా ఉండే పరిశోధన సెలవులో) ఉంటారేమో కూడా కనుక్కోండి.

4. వీసా సంగతి తేల్చుకోండి

ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద చదివేవాళ్లు ప్రపోజల్ ఇవ్వకముందే ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్లాలి. డిగ్రీ అయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో పని చేసుకునే అనుమతి) 12 నెలలు. మరో 24 నెలల పొడిగింపు కావాలంటే మీ మేజర్‌కు యూనివర్సిటీ ఇచ్చే సీఐపీ కోడ్ (సబ్జెక్టును గుర్తించే సంఖ్య) ప్రభుత్వ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్) జాబితాలో ఉండాలి. మీరు చదివినవన్నీ సైన్సు కోర్సులే అయినా కోడ్ ఆ జాబితాలో లేకపోతే పొడిగింపు రాదు. ఏ కోడ్ ఇస్తారో ఈమెయిల్‌లో రాయించుకోండి.

5. ప్రపోజల్ ఇవ్వండి

సాధారణంగా రెండో ఏడాదిలోనే ఇవ్వాలి. మొదటిసారి దిద్దమని వెనక్కి పంపడం మామూలే. ఆమోదం వచ్చేదాకా మామూలు మేజర్ ఒకదాని కోర్సులు కూడా చేస్తూ ఉండండి. మేజర్ పేరు మాత్రం సూటిగా పెట్టండి, ట్రాన్‌స్క్రిప్ట్‌లో (మార్కుల పత్రంలో) 'నీరు, ఆరోగ్యం, విధానం' అని ఉంటే ఉద్యోగమిచ్చేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది.