వానాకాలం సైకిల్: బ్రేకు మలుపుకు ముందే వేయాలి

గత ఆదివారం ఉదయం మాతో కలిసి సైకిల్ తొక్కే మిత్రుడొకరు మలుపులో జారిపడి కాలర్ బోన్ విరగ్గొట్టుకున్నారు. ఆయన ఏళ్ల తరబడి తొక్కుతున్న మనిషి. వేగమూ ఎక్కువ కాదు, పడింది పెద్ద వానా కాదు, పది నిమిషాల జల్లు. వెనకే వస్తున్నందువల్ల జరిగినదంతా నా కళ్ల ముందే జరిగింది. సైకిల్ అప్పటికే ఒక పక్కకు వాలి ఉండగా ఆయన వేళ్లు బ్రేకుల మీద బిగుసుకున్నాయి, ముందు చక్రం తిరగడం మానేసింది, కేక కూడా వేయకముందే ఆయన నేల మీద ఉన్నారు.

హెల్మెట్, లైట్ల సంగతి మీకు తెలిసినదే కనుక వదిలేస్తున్నాను. వానాకాలంలో నేను చూసిన పడిపోవడాల్లో ఎక్కువ వాటికి మూలం ఒక్కటే: మలుపులోకి దిగాక బ్రేకు వేయడం. టైరుకు రోడ్డు ఇచ్చే పట్టు ఒక మేరకే ఉంటుంది. మలుపు తిరగడానికీ, వేగం తగ్గించడానికీ దానినే పంచుకోవాలి. పొడి రోడ్డు మీద ఆ పట్టు మిగులుతుంది కాబట్టి వాలి ఉన్నప్పుడు బ్రేకు నొక్కినా చెల్లిపోతుంది. వేసవంతా అలా చెల్లిపోవడం వల్లే అది తప్పని మనకు తోచదు, తడి రోడ్డు మీదా చేతులు అదే పని చేస్తాయి.

రిమ్మును పట్టే బ్రేకులున్న సైకిళ్లకు ఇంకో చిక్కు ఉంది. రిమ్ము మీది నీటి పొరను బ్రేకు రబ్బర్లు ముందు తుడిచేయాలి, అప్పటిదాకా బ్రేకు పట్టదు. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో సైకిల్ సెకనుకు సుమారు 5.5 మీటర్లు వెళ్తుంది. పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగితేనే 2 మీటర్లు దాటుతుంది, అంటే మూడు చుట్లు తుడవడానికే పోతే 6 మీటర్ల దారి అయిపోయినట్లే. బ్రేకు పట్టడం లేదని కంగారుపడి తొక్కేవారు ఇంకా గట్టిగా నొక్కుతారు, సరిగ్గా అప్పుడే రిమ్ము ఆరి బ్రేకు ఒక్కసారిగా పట్టేస్తుంది. చక్రం మధ్యలోని లోహపు పళ్లేన్ని పట్టే డిస్క్ బ్రేకు తడిలో కూడా త్వరగానే పడుతుంది, కానీ టైరు పట్టును అది పెంచదు. ఆ ధీమాతో పడినవారినీ చూశాను.

కాబట్టి మలుపు కనబడగానే, సైకిల్ ఇంకా నిటారుగా ఉండగానే, బ్రేకులను మెత్తగా తాకించి నీటిని తుడవండి; ఆపైన వేగం తగ్గించి, వదిలేసి, అప్పుడే వాలండి. మలుపు మధ్యలో ఏదైనా అడ్డొస్తే, చోటుంటే ముందు సైకిల్‌ను నిటారుగా చేసి ఆపైన బ్రేకు వేయండి. చోటు లేకపోతే వెనక బ్రేకును మాత్రమే, అదీ తేలిగ్గా వాడండి. ఖాళీ స్థలంలో నీళ్లు చల్లుకుని, నెమ్మదిగా తొక్కుతూ దీన్ని పది పదిహేను సార్లు సాధన చేయడం మేలు, ఎందుకంటే కంగారులో చేతులు అలవాటైన పనే చేస్తాయి.

ఇక సైకిల్ విషయానికి వస్తే, బ్రేకు రబ్బర్లను విప్పి వెలుతురులో చూడండి. వాటిలో మెరిసే లోహపు రజను, ఇసుక రేణువులు ఇరుక్కుని ఉంటాయి. గుండుసూదితో తీసేయకపోతే అవి రిమ్మును గీరుతూనే ఉంటాయి. రబ్బరు మీది గాడులు అరిగి కనబడకుండా పోతే మార్చేయాలి. టైర్లలో గాలి మామూలు కంటే కొద్దిగా తగ్గించవచ్చు, కానీ టైరు పక్కన ముద్రించిన కనిష్ఠ అంకె కంటే దిగకూడదు. లోతైన గాడులున్న టైరు నీటిని చిమ్మేస్తుందని నేనూ చాలాకాలం నమ్మాను. మనం రోజూ తొక్కే వేగాల్లో టైరు నీటి మీద తేలిపోయే పరిస్థితి రాదు, కనుక గాడుల కంటే రబ్బరు నాణ్యతే ముఖ్యం. చైనుకు నూనె వేసి పైపైన ఉన్నది తుడిచేయండి. డిస్కు మీద ఒక్క చుక్క కూడా పడకూడదు.

తొలి జల్లు పడుతున్నప్పుడు ఆగిపోండి, రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జారుడుగా మారేది అప్పుడే. తెల్ల గీతల మీద, మ్యాన్‌హోల్ మూతల మీద, తడి ఆకుల మీద వాలకండి, బ్రేకు వేయకండి. రైలు పట్టాలను అడ్డంగా, లంబకోణంలోనే దాటండి. అడుగు కనబడని నీటిగుంటలోకి చక్రం దించకండి. ముందు వాహనానికి రోజూ వదిలే దూరానికి రెట్టింపు వదలండి. చేత్తో గొడుగు పట్టుకుని తొక్కవద్దు. హ్యాండిల్‌కు సంచి తగిలించవద్దు. రెయిన్‌కోటు అంచు చైనులో పడకుండా కట్టుకోండి. ఇయర్‌ఫోన్లు జేబులోనే ఉండాలి. ఉరుము వినబడితే దిగి పక్కా భవనంలోకి వెళ్లండి, చెట్టు కిందికి కాదు. చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగండి. రబ్బరు టైర్లు పిడుగు నుంచి కాపాడవు. మలుపు ఎంత చిన్నదైనా బ్రేకు ముందే వేయండి, ఇంటి సందు మలుపు దగ్గర కూడా.

పడిన సైకిల్‌ను వెంటనే ఎక్కవద్దు. మా మిత్రుడిది నేను నడిపించుకుంటూ తెచ్చేటప్పుడు హ్యాండిల్ పక్కకు తిరిగి ఉంది, ముందు బ్రేకు రబ్బరు ఒకటి రిమ్ము వదిలి టైరు పక్కను కోస్తూ ఉంది.